విలన్ పూర్వకథలో బాకీ ఎవరిది?

జోకర్ తొలిసారి కనిపించింది 1940లో, ‘బ్యాట్‌మ్యాన్’ మొదటి సంచికలో. సున్నం కొట్టినట్టున్న ముఖం, ఆకుపచ్చ జుట్టు, చెవులదాకా సాగిన నవ్వు. 1928 నాటి మూకీ చిత్రం ‘ది మ్యాన్ హూ లాఫ్స్’లో కాన్రాడ్ ఫైట్ వేసిన వేషం ఈ రూపానికి ఆధారం. బిల్ ఫింగర్, బాబ్ కేన్, జెర్రీ రాబిన్సన్ కలిసి తీర్చిన పాత్ర ఇది. ఎవరి వాటా ఎంతన్న తగాదా చాలాకాలం నడిచింది. ఆ సంచికలో జోకర్ ఎవరో, ఎక్కడివాడో, ఎందుకిలా తయారయ్యాడో ఒక్క ముక్కా లేదు.

పూర్వకథ పదకొండేళ్ల తర్వాత వచ్చింది. 1951లో ‘డిటెక్టివ్ కామిక్స్’ 168వ సంచికలో బిల్ ఫింగరే దాన్ని రాశాడు. ఎర్ర ముసుగు తొడుక్కున్న ఒక దొంగ, బ్యాట్‌మ్యాన్ చేతికి చిక్కకుండా రసాయన వ్యర్థాల్లో ఈది తప్పించుకుంటాడు. బయటపడేసరికి ఒళ్లు తెల్లబడింది, జుట్టు రంగు మారింది. అప్పటికీ అతడికి పేరు లేదు. 1988లో అలన్ మూర్ రాయగా బ్రయన్ బోలండ్ బొమ్మలు వేసిన ‘ది కిల్లింగ్ జోక్’ ఆ ముసుగు వెనక ఒక మనిషిని పెట్టింది. ఉద్యోగం వదులుకుని హాస్యనటుడు కావాలనుకుని ఓడిపోయినవాడు, భార్య గర్భవతి, చేతిలో డబ్బు లేదు. ఒక్క దొంగతనానికి ఒప్పుకున్న రోజే భార్య ప్రమాదంలో చనిపోతుంది. ఇంత కథ చెప్పాక, తనకు గతం ఒక్కోసారి ఒక్కోలా గుర్తొస్తుందని జోకర్ చేతనే మూర్ అనిపించాడు. అంటే ఈ కథనూ ఖాయం చేయలేదు.

సినిమాకు వచ్చేసరికి ఇలాంటి సందిగ్ధం కుదరదని స్టూడియోలు భావిస్తాయి. కామిక్స్ నెలనెలా, ఏళ్ల తరబడి సాగుతుంది; ఒక రచయిత వదిలిన ఖాళీని ఇరవై ఏళ్ల తర్వాత మరొకరు పూరిస్తారు. సినిమాకు ఉన్నది రెండు గంటలు. అందులోనే విలన్‌ను పరిచయం చేయాలి, అతడి పగకు కారణం చూపాలి, చివర్లో ఓడించాలి. ఆ తొందరలో అందరికీ తట్టే ఉపాయం ఒకటుంది: విలన్ పూర్వకథను హీరో పూర్వకథతో ముడిపెట్టడం. ముడి వేయడంలో తప్పేమీ లేదు. ఆ ముడి పడ్డాక ఎవరు ఎవరికి బాకీ పడ్డారన్నదే చూడాల్సిన విషయం. పూర్వకథ మార్పు పాత్రను పెంచిందో కుదించిందో ఆ లెక్కలోనే తేలుతుంది.

1989లో టిమ్ బర్టన్ తీసిన ‘బ్యాట్‌మ్యాన్’ ఈ ముడికి ప్రసిద్ధ ఉదాహరణ. జాక్ నికల్సన్ వేసిన జోకర్‌కు ఆ చిత్రం జాక్ నేపియర్ అనే పేరు పెట్టింది. రసాయనాల తొట్టిలో పడటం కామిక్స్‌లోదే. కొత్తగా చేర్చిందేమిటంటే, బ్యాట్‌మ్యాన్ కాబోయే చిన్నపిల్లవాడైన బ్రూస్ వేన్ కళ్లముందే అతడి తల్లిదండ్రుల్ని కాల్చింది కుర్రవాడైన ఈ నేపియరే. తన్ను తయారుచేసింది నువ్వంటే నువ్వని హీరో, విలన్ పతాక సన్నివేశంలో ఒకరినొకరు నిందించుకోవడానికి ఇది పనికొచ్చింది. మొదట స్క్రిప్టు రాసిన శామ్ హామ్ ఈ ఆలోచన తనది కాదని తర్వాత చెప్పాడు. 1988లో హాలీవుడ్ రచయితల సమ్మె జరిగింది, స్క్రిప్టు చేతులు మారింది. సినిమా ప్రపంచవ్యాప్తంగా 40 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది కాబట్టి ఈ మార్పు వల్ల నష్టమేమీ లేదనే అభిప్రాయం పరిశ్రమలో స్థిరపడింది.

కామిక్స్‌లో వేన్ దంపతులను చంపినవాడు నగలకోసం సందులో అడ్డగించిన మామూలు దొంగ. 1939లో ఆ ఘటన తొలిసారి చెప్పినప్పుడు అతడికి పేరు కూడా పెట్టలేదు. 1948లో గానీ జో చిల్ అన్న పేరు రాలేదు. ఆ అనామకత్వం వల్లే బ్యాట్‌మ్యాన్ పగ ఒక మనిషి మీద కాక నేరం మీదికి మళ్లింది. ఏ సందులోనైనా, ఏ పిల్లవాడికైనా అదే జరగొచ్చు కనుక అతడి పనికి అంతు లేదు. హంతకుడు జోకరే అయితే, జోకర్ గోపురం మీంచి పడి చచ్చిన క్షణంలో బాకీ వసూలైపోతుంది. ఆ తర్వాత బ్రూస్ వేన్ రాత్రిళ్లు ముసుగేసుకుని తిరగడానికి మిగిలేది అలవాటే. తెలుగు ప్రేక్షకులకు ఈ అమరిక బాగా తెలుసు: ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్, అందులో తండ్రిని చంపిన మనిషి, అతడే ఇప్పటి విలన్. పగ తీరాక చెప్పడానికి ఏమీ ఉండదు గనుకే అక్కడ శుభం కార్డు పడుతుంది. వ్యక్తిగత పగ కథకు ఆ ముగింపు సరిపోతుంది, బ్యాట్‌మ్యాన్ కథకు సరిపోదు. 2005లో క్రిస్టఫర్ నోలన్ ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’లో జో చిల్‌ను తిరిగి తెచ్చాడు. బ్రూస్ అతణ్ని చంపాలని తుపాకీతో వెళ్లేసరికి ఆ పని మరొకరు చేసేస్తారు. వసూలు చేసుకునే అవకాశం కళ్లముందే పోయినవాడు బ్యాట్‌మ్యాన్ కావడం మూలకథకు చాలా దగ్గర.

2007 నాటి ‘స్పైడర్‌మ్యాన్ 3’లో జరిగిన నష్టం ఇంకా పెద్దది. శాండ్‌మ్యాన్ 1963లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన పాత్ర: జైలు నుంచి పారిపోయి, అణుపరీక్ష జరిగే చోట దాక్కుని, ఇసుకగా మారిన ఫ్లింట్ మార్కో. స్పైడర్‌మ్యాన్ ఇంటి విషాదంతో అతడికి ఏ సంబంధమూ లేదు. శామ్ రైమీ సినిమా అతణ్ని బెన్ బాబాయిని కాల్చినవాడిగా మార్చింది. జబ్బుపడిన కూతురి వైద్యానికి డబ్బు కోసం దొంగతనానికి దిగినవాడు, తోటి దొంగ చెయ్యి తగిలి తుపాకీ పేలింది అని సర్దింది. శాండ్‌మ్యాన్‌గా థామస్ హేడెన్ చర్చ్ నటన, ఇసుక రేణువుల్లోంచి మనిషి లేచి నిలబడే దృశ్యం ఇప్పటికీ కదిలిస్తాయి. అయితే స్పైడర్‌మ్యాన్ అనే పాత్ర 1962 నుంచి నిలబడింది ఒక్క పునాది మీద: ముసుగు వెనకున్న పీటర్ పార్కర్ ఆపగలిగీ ఆపకుండా వదిలేసిన దొంగే బాబాయిని చంపాడు. తప్పు పీటర్‌ది, బాకీ పీటర్‌ది. జీవితాంతం తీర్చినా తీరనిది. కాల్చినవాడు వేరొకడని మూడో సినిమా చెప్పగానే ఆ బాకీ మార్కో పేరుకు బదిలీ అయింది. చివర్లో పీటర్ అతణ్ని క్షమిస్తాడు. సన్నివేశం ఉదాత్తంగా ఉన్నా, అతడు క్షమించాల్సింది తనను తాను అన్న సంగతి ఆ మార్పు కింద నలిగిపోయింది.

ముడి వేసి కూడా పాత్రను పెంచిన సినిమా ‘బ్లాక్ పాంథర్’. కామిక్స్ కిల్‌మోంగర్‌ను డాన్ మెక్‌గ్రెగర్, రిచ్ బక్లర్ 1973లో పరిచయం చేశారు. యులిసిస్ క్లా అనే దోపిడీగాడి కారణంగా వకాండా అనే కల్పిత దేశానికి దూరమై, న్యూయార్క్ హార్లెమ్‌లో పెరిగి, క్లా మీద కోపాన్ని వకాండా రాజు టచల్లా మీదికి కూడా తిప్పుకున్నవాడు. బలమైన పాత్రే, కాకపోతే సింహాసనం మీద కన్నేసిన తిరుగుబాటుదారుల వరసలోనిది. 2018 సినిమాలో దర్శకుడు రయన్ కూగ్లర్, సహరచయిత జో రాబర్ట్ కోల్ అతణ్ని టచల్లాకు పినతండ్రి కొడుకును చేశారు. 1992లో ఓక్‌లండ్‌లో ఉంటున్న అతడి తండ్రి ఎన్‌జోబు, అమెరికాలోని నల్లజాతివాళ్ల బాధ చూడలేక వకాండా ఆయుధాలు వాళ్లకు చేర్చాలనుకుంటాడు. ఆ గొడవలో అన్న అయిన రాజు టచాకా చేతిలోనే చనిపోతాడు. రాజు ఆ పసివాణ్ని అక్కడే వదిలేసి, జరిగింది దాచిపెట్టి వెళ్లిపోతాడు.

ఓక్‌లండ్ ఎంపిక యాదృచ్ఛికం కాదు. అది కూగ్లర్ పుట్టిన ఊరు. 1966లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది కూడా అక్కడే. ఈ మార్పుతో బాకీ దిశ తిరగబడింది. ఇక్కడ అన్యాయం చేసింది హీరో వంశం, అనుభవించింది విలన్. కర్ణుడి కథ వింటూ పెరిగినవారికి దీని బలం విడమరచి చెప్పక్కర్లేదు: సొంత ఇంటివాళ్లే వదిలేసిన బిడ్డ, ఎదురుపక్షంలో ఆయుధం పట్టుకుని తిరిగొచ్చాడు. అలాగని కిల్‌మోంగర్ నేరాలను సినిమా తేలిక చేయదు. తన వెంట నడిచిన అమ్మాయిని అతడే కాల్చేస్తాడు, వకాండా పవిత్ర మొక్కల తోటను తగలబెట్టిస్తాడు. అవి అతడి సొంత పనులు, ఎవరిమీదా వేయడానికి లేదు. కానీ అతడికి జరిగిన అన్యాయానికి జవాబు చెప్పాల్సింది టచల్లా. అందుకే రాజు పూర్వీకుల ఎదుట నిలబడి మీరు చేసింది తప్పని అంటాడు, సినిమా చివర ఎన్‌జోబు చనిపోయిన భవనాన్నే సేవాకేంద్రం చేయడానికి పూనుకుంటాడు. విలన్ చనిపోయాక కూడా బాకీ మిగిలింది, హీరో దాన్ని తీర్చడం మొదలుపెట్టాడు. కామిక్స్‌లో లేనిదాన్ని సినిమా సంపాదించిన అరుదైన సందర్భమిది.

కొన్ని పూర్వకథలు మార్చక తప్పనివి. 1964లో ఐరన్‌మ్యాన్ ప్రత్యర్థిగా వచ్చిన మాండరిన్, చైనా అంటే అప్పటి అమెరికా ఊహించుకున్న భయాల మూట. శాక్స్ రోమర్ నవలల ఫూ మాంచు నీడ. షాంగ్‌చీ అయితే 1973 నాటి కామిక్స్‌లో నేరుగా ఆ ఫూ మాంచు కొడుకే. ‘ఐరన్‌మ్యాన్ 3’ 2013లో మాండరిన్‌ను కిరాయికి తెచ్చుకున్న నటుడిగా చూపి పక్కకు తప్పుకుంది. 2021లో డెస్టిన్ డేనియల్ క్రెటన్ తీసిన ‘షాంగ్‌చీ’ తప్పుకోలేదు. మాండరిన్‌నూ ఫూ మాంచునూ కలిపి, టోనీ లియాంగ్ వేసిన వెన్‌వూ అనే కొత్త మనిషిని చేసింది. వెయ్యేళ్లు యుద్ధాలు చేసి, ప్రేమ కోసం ఆయుధం దించి, భార్య చావుతో మళ్లీ ఎత్తినవాడు. జాతిని విలన్ చేసిన కథ పోయి, దుఃఖంలో కొడుకును హంతకుడిగా పెంచిన ఒక తండ్రి వచ్చాడు. ఆ కొడుక్కి అతడు పడిన బాకీ నిజమైనది.

మార్చకూడనిదీ ఒకటుంది, అది ఎక్స్‌మెన్ ప్రత్యర్థి మాగ్నీటో గతం. 1963లో వచ్చిన ఈ పాత్ర నాజీల ఆష్విట్జ్ శిబిరం నుంచి బతికి బయటపడ్డాడని క్రిస్ క్లేర్‌మాంట్ 1981లో రాశాడు. 2000లో వచ్చిన ‘ఎక్స్‌మెన్’ చిత్రం 1944 నాటి పోలండ్ నిర్బంధ శిబిరం దగ్గరే మొదలైంది. ఏళ్లు గడిచేకొద్దీ అతడి వయసు లెక్కలు కుదరవు, అయినా ఆ పూర్వకథను మరో కాలానికి జరపకపోవడం న్యాయం. అది చరిత్రకు చెందిన గాయం.

థానోస్ విషయంలో సినిమా చేసిన మార్పుకు మెప్పు ఎక్కువ దక్కింది, పరిశీలన తక్కువ జరిగింది. జిమ్ స్టార్లిన్ 1991లో రాసిన ‘ఇన్ఫినిటీ గాంట్‌లెట్’లో థానోస్ స్త్రీరూపంలోని మృత్యువును ప్రేమిస్తాడు, ఆమె మెప్పు కోసం విశ్వంలో సగం ప్రాణుల్ని తుడిచేస్తాడు. 2018 నాటి ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ ఆ ప్రేమను తీసేసి జనాభా సిద్ధాంతం పెట్టింది: వనరులు తక్కువ, నోళ్లు ఎక్కువ, సగం పోతే మిగిలినవాళ్లు బతుకుతారు. 2018లో భూమ్మీద జనం సుమారు 760 కోట్లు. అందులో సగమంటే 1970ల తొలి ఏళ్ల జనాభా. యాభై ఏళ్లు కూడా నిలవని పరిష్కారం కోసం అంత హత్యాకాండ! ఈ మాట సినిమాలో ఎవరూ లెక్క చూపించి అడగరు. మృత్యువు మీద మోహంతో చంపినవాడి నేరం పూర్తిగా అతడిదే. సిద్ధాంతం చేతికివ్వడంతో అందులో కొంత అవసరం ఖాతాలోకి జారిపోయింది. థానోస్‌ను పోషించిన జోష్ బ్రోలిన్ గంభీరమైన గొంతు ఆ జారుడును ఇంకా సులువు చేసింది.

మళ్లీ జోకర్ దగ్గరికొస్తే, తర్వాత వచ్చినవాటిలో రెండు సినిమాలు రెండు కొసలకు వెళ్లాయి. 2008లో నోలన్ ‘ది డార్క్ నైట్’లో హీత్ లెడ్జర్ జోకర్ తన నోటి గాట్ల గురించి ఒకసారి తాగుబోతు తండ్రి కథ చెబుతాడు, మరోసారి భార్య కథ. మూడోది మొదలుపెట్టబోతే బ్యాట్‌మ్యాన్ వినడు. పూర్వకథను ఎదుటివాణ్ని బెదిరించే ఆయుధంగా వాడుకోవడం ‘కిల్లింగ్ జోక్’ స్ఫూర్తికి అసలైన వారసత్వం. 2019లో టాడ్ ఫిలిప్స్ తీసిన ‘జోకర్’ సినిమా మొత్తం పూర్వకథే. హోకిన్ ఫీనిక్స్ వేసిన ఆర్థర్ ఫ్లెక్‌కు నగరం మందులు ఆపేసింది, తల్లి అబద్ధంలో పెంచింది, టీవీ యాంకర్ నవ్వులపాలు చేశాడు, బ్రూస్ తండ్రి, ధనవంతుడైన థామస్ వేన్ గుద్దాడు. వెనిస్‌లో గోల్డెన్ లయన్, 11 ఆస్కార్ నామినేషన్లు, 100 కోట్ల డాలర్లు దాటిన వసూళ్లు వచ్చాయి. ఫీనిక్స్ నటన ఆ గౌరవానికి తగినదే. అయితే ఇంతమంది అతడికి బాకీ పడ్డాక అతడి తుపాకీ పేలడం ఎంపికలా కాక వసూలులా కనిపిస్తుంది, జోకర్‌ను భయంకరుణ్ని చేసిన స్వేచ్ఛ అక్కడ తగ్గిపోతుంది. వేన్ దంపతుల్ని మాత్రం జోకర్ ముసుగేసుకున్న ఒక అనామకుడు కాలుస్తాడు. బర్టన్ వేసిన ముడిని ఫిలిప్స్ సగం విప్పాడు.

ఇక తెరమీద ఇంతవరకూ సరిగా రాని పూర్వకథ డాక్టర్ డూమ్‌ది. 1964 నాటి కామిక్స్‌లో విక్టర్ వాన్ డూమ్ లాట్వీరియా అనే కల్పిత దేశంలో రోమా సంచారుల బిడ్డ. తల్లి పోయింది, దొర భార్యను బతికించలేకపోయిన వైద్యుడైన తండ్రి, కొడుకును వెంటబెట్టుకుని చలిలో పారిపోతూ చనిపోయాడు. అమెరికా విశ్వవిద్యాలయంలో అతడు తయారుచేస్తున్న యంత్రం లెక్కల్లో తప్పుందని తోటి విద్యార్థి రీడ్ రిచర్డ్స్ చెబితే పెడచెవిన పెట్టాడు. యంత్రం పేలి ముఖం కాలింది. నేరం రీడ్‌దేనని జీవితాంతం నమ్మాడు. లేని బాకీని వసూలు చేయడానికి బతికే విలన్ కామిక్స్‌లో ఇంతకంటే గొప్పవాడు లేడు. 2005 నాటి ‘ఫెంటాస్టిక్ ఫోర్’ చిత్రంలో అతడు పెద్ద కంపెనీ యజమాని. హీరోలకు శక్తులిచ్చిన అంతరిక్ష ప్రమాదమే అతణ్నీ లోహంగా మార్చింది. 2015 చిత్రంలో కూడా హీరోలతో పాటు మరోలోకానికి వెళ్లిన ప్రయాణంలోనే అతడి శరీరం మారిపోయింది. ఒకే ప్రమాదంతో అందరి కథా ముగించడం పొదుపుగానే ఉంటుంది. కానీ ప్రమాదం అందరిదీ అయినప్పుడు ఆ తప్పిన లెక్క ఉండదు, దాన్ని ఒప్పుకోలేని అహంకారమూ ఉండదు. 2024 జులైలో, ఐరన్‌మ్యాన్‌గా నటించిన రాబర్ట్ డౌనీ జూనియర్ డూమ్ వేషం వేస్తున్నట్టు మార్వెల్ ప్రకటించింది. ఐరన్‌మ్యాన్ ముఖమే డూమ్‌కూ రావడం వల్ల కొత్త ముడి ఒకటి వేయాలన్న కోరిక రచయితలకు బలంగానే ఉంటుంది. 1964 నాటి ఆ కొద్ది పుటల్లో కావలసినదంతా సిద్ధంగా ఉంది.