ధూళిని కొలిచే చిన్న యంత్రం

కిటికీ సందులోనుండి పడే ఎండలో తేలియాడే రేణువుకు మన పూర్వులు త్రసరేణువని పేరు పెట్టారు. ఉర్దూ కవులకు అదే జర్రా. ఈ రెండు భాషల పిల్లలు కలిసి చదివే కళాశాలలో ఆ రేణువును గూర్చి నాలుగు మాటలు వ్రాయడం అసందర్భం కాదని మా నమ్మకం. తెలుగు పాఠాలు చెప్పేవారికి యంత్రాల గొడవ ఎందుకని నవ్వేవారు నవ్వవచ్చును.

నేడు విద్యార్థులు ఉత్సాహంగా అమర్చుకొంటున్న ధూళిమాపక యంత్రాలు ఆ కిటికీ ఎండ సూత్రంపైననే పనిచేస్తున్నవి. లోపల ఒక చిన్న పంకా గాలిని లాగుతుంది. దానిపై లేజరు కిరణం పడుతుంది. రేణువులు చెదరగొట్టిన వెలుగును బట్టి, ఘనపు మీటరు గాలిలో ధూళి ఇన్ని మైక్రోగ్రాములని యంత్రం అంకె చూపుతుంది. ప్లాంటవర్ పి.ఎం.ఎస్. 5003, నోవా ఎస్.డి.ఎస్. 011 ఇట్టివే. ప్రభుత్వ కేంద్రాలలోని పరికరాలకు లక్షలు కావలెను. వీటికి కొద్ది వేలు చాలును. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో 2015లో కొందరు ఔత్సాహికులు ఇట్టి చౌక యంత్రాలను ఇళ్ళ బయట అమర్చే పని ఆరంభించగా, అది నేడు అనేక దేశాలకు ప్రాకినది.

ఇంతవరకు సంతోషమే. కాని ఈ యంత్రం ధూళిని తూచదు, వెలుగును మాత్రమే చూస్తుంది. బరువు దాని ఊహ. గాలిలో తేమ పెరిగినప్పుడు రేణువులు నీటిని పీల్చుకొని ఉబ్బుతవి. ఉబ్బిన రేణువు ఎక్కువ వెలుగును చెదరగొడుతుంది. ధూళి పెరగకున్నను అంకె పెరుగుతుంది. మరియొక చిక్కున్నది. 2.5 మైక్రానులకు లోపలి సన్నని పొగరేణువులను ఇవి బాగుగనే పట్టుకొంటవి గాని, బస్సు పోయినప్పుడు కళ్ళలో పడే ముతక దుమ్ము వీటికి సరిగా ఆనదు. కంటికి కనబడేదే యంత్రానికి కనబడదన్నమాట!

అమెరికా పర్యావరణ సంస్థ పరిశోధకులు, ప్లాంటవర్ భాగాలతో తయారయ్యే పర్పుల్‌ఎయిర్ యంత్రాలకు 2021లో ఒక సవరణ సూత్రం ప్రకటించారు. యంత్రం చూపిన అంకెను 0.524తో గుణించి, తేమ శాతాన్ని 0.0862తో గుణించి అందులోనుండి తీసివేసి, 5.75 కలుపవలెను. యంత్రం 100 చూపి, తేమ 70 శాతం ఉన్నదనుకొందాం. సవరించగా వచ్చేది సుమారు 52. సన్నని ధూళికి మన దేశం 2009లో విధించిన 24 గంటల పరిమితి 60. అనగా సవరణకు ముందు నేరం, తరువాత నిర్దోషిత్వం! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన 15తో పోల్చినచో రెండును నేరమే, అది వేరు సంగతి. ఆ సూత్రం అమెరికా గాలికి కుదిర్చినది. మన గాలికి మన సవరణ మనమే కనుగొనవలెను.

అందుచేత ఇవి ఆటబొమ్మలని త్రోసివేయవలెనా? ఆ వాదాన్ని మేము అంగీకరింపము. పది నిమిషాలు ముందు నడిచే గడియారమైనను ఏ పాఠం ఎంతసేపు సాగినదో చెప్పగలదు. ఒకే రకపు యంత్రాలు రెండింటిని మొదట ప్రక్కప్రక్కన ఉంచి సరిచూచి, పిదప ఒకటి రోడ్డువైపు గదిలో, ఒకటి వెనుకవైపు గదిలో ఉంచినచో, ఆ రెండు గదుల మధ్య తేడాను అవి చాలవరకు నిజాయితీగా చెబుతవి. కాని ఆ అంకెలు పట్టుకొని పురపాలక కార్యాలయానికి వెళ్ళిన నాడు, "మీ యంత్రం సరియైనదని ఎవరు చెప్పారు?" అన్న ప్రశ్న తప్పదు. జవాబు లేకున్న మన పిల్లల శ్రమ ఆ బల్లమీదనే ఆగిపోతుంది. రోడ్డువైపు కిటికీల ప్రక్కన కూర్చొని దగ్గేవారును మన పిల్లలే.

ఆ జవాబు హైదరాబాదులోనే ఉన్నది. సనత్‌నగర్‌లోను, జూపార్కు వద్దను ప్రభుత్వ కొలమాన కేంద్రాలున్నవి. మన యంత్రాలు రెండు వారాలు అట్టి కేంద్రం ప్రక్కన ఉండనిచ్చిన చాలును. రెండింటి అంకెలను పోల్చి సవరణ కట్టడం బి.ఎస్.సి. విద్యార్థులకు కష్టం కాదు. కాని అనుమతి కోరే లేఖ విద్యార్థులు వ్రాసిన చెల్లదు. కళాశాల కార్యవర్గం వ్రాయవలెను. యంత్రాలతోపాటు తేమను కొలిచే సాధనమొకటి కొనవలెను. తేమ వ్రాయని నాటి అంకెను పుస్తకంలో ఎక్కించనే రాదు. పొగ నేలనంటి నిలిచే చలికాలానికి ముందే ఆ లేఖ వెళ్ళినచో, డిసెంబరు ఉదయాల లెక్క ఈ ఏడే మన చేతికి వస్తుంది.