ఇంటింటి విజ్ఞానము: చప్పుడు లేని కారు



ఈ మధ్య మన సంఘాలలో ఆరాధన ముగిశాక కాపరిగారి చేత ప్రార్థన చేయించుకొని అమెరికా ప్రయాణమయ్యే తల్లిదండ్రులు ఎక్కువయ్యారు. కూతురి కాన్పుకో, మనుమల ఆలనకో వెళ్ళి ఆరు నెలలుండి వస్తారు. అటువంటి ఒక తల్లి పోయిన నెల ఉత్తరం వ్రాశారు. టెక్సాసులో ఉన్న అల్లుడుగారు కొత్త కారు కొన్నారట. రాత్రి సెల్‌ఫోనుకు పెట్టినట్టు దానికి ఛార్జింగు పెడతారట, మళ్ళీ పెట్రోలు కూడా పోస్తారట. “వర్షంలో అది షాకు కొట్టదా అయ్యగారూ?” అని ఆమె ప్రశ్న. షాకు సంగతి తరువాత చెబుతాను. ఆమె అడగని ప్రమాదం ఒకటి ఉన్నది, దాని కోసమే ఈ నెల ఈ పేజీ.

ఆ కారును ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటారు. హైబ్రిడ్ అనే మాట మన రైతులకు విత్తనాల దగ్గర తెలిసినదే, రెండు జాతులు కలిసినది అని. ఇక్కడ కలిసినవి కరెంటు మోటారు, పెట్రోలు ఇంజను. 1972లో వచ్చిన లూనా మోపెడు మీలో చాలామంది నడిపే ఉంటారు. పెట్రోలు ఉన్నంతసేపు ఇంజను లాగేది, అయిపోతే పెడళ్ళు తొక్కుకుంటూ ఇల్లు చేరేవాళ్ళం. బండి ఒకటే, బలములు రెండు. ఈ కారూ అంతే, కాకపోతే ఏ బలము ఎప్పుడు వాడాలో తానే నిర్ణయించుకొంటుంది. ఆ ‘తానే’ అన్న మాటను కొంచెం జ్ఞాపకముంచుకోండి.

1997లో జపానులో టొయోటావారి ప్రియస్ వచ్చింది. దానికి ప్లగ్గు లేదు, తన బ్యాటరీని తానే నింపుకొనేది. గోడకు తగిలించి ఛార్జి చేసే రకాన్ని 2008 చివర చైనాలో బీవైడీ కంపెనీ, 2010 చివర అమెరికాలో షెవర్లే కంపెనీ అమ్మకానికి తెచ్చాయి. 2023 మోడలు ప్లగ్గున్న ప్రియస్‌లో బ్యాటరీ 13.6 యూనిట్లది. మన కరెంటు బిల్లులో చూసే యూనిట్లే అవి. దానితో సుమారు 70 కిలోమీటర్లు పోతుంది. అమెరికా ఇళ్ళలో మామూలు ప్లగ్గు 120 వోల్టులు గనుక నిండడానికి 11 గంటలు పడుతుంది. 240 వోల్టుల లైను వేయించుకొంటే 4 గంటలు చాలు. ఉద్యోగం దగ్గరలో ఉన్నవారికి వారమంతా పెట్రోలు చుక్క ఖర్చు కాకపోవచ్చు. దూరం పోతే బ్యాటరీ అయిపోగానే ఇంజను అందుకొంటుంది, దారిలో ఆగిపోతామన్న దిగులు లేదు.

బ్రేకు వేసినప్పుడు ఇంకొక వింత జరుగుతుంది. పాత సైకిలుకు డైనమో ఉండేది చూడండి, దానిని చక్రానికి ఆనించగానే తొక్కడం బరువయ్యేది. ఆ బరువే వెలుగుగా మారేది. ఈ కారులో బ్రేకు మీద కాలు పెట్టగానే మోటారు డైనమోగా మారి, చక్రాల వేగాన్ని కరెంటు చేసి బ్యాటరీకి పంపుతుంది, కారు నెమ్మదిస్తుంది. గట్టిగా నొక్కితే మామూలు బ్రేకులు కూడా పట్టుకొంటాయి. అయితే వాటికి పని తక్కువ గనుక తుప్పు పట్టే అవకాశముంది, సర్వీసులో చూపించడం మానకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఈ కారుకు చప్పుడుండదు. తాళం చెవి తిప్పే పని లేదు, బొత్తాము నొక్కితే సిద్ధమవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. చెవి జేబులో ఉంటే చాలు. పాత కారైతే ఇంజను గుర్రుమంటూనే ఉంటుంది గనుక ఆపడం మరచిపోము. ఇది బ్రతికి ఉన్నదో నిద్రపోయిందో చెవికి తెలియదు. బ్యాటరీ తగ్గినా, చలి బాగా ఎక్కువైనా, మరే అవసరమొచ్చినా ఇంజను తానే మొదలవుతుంది. నడిపేవాడు కారులో లేకపోయినా సరే, బొత్తాము ఆపి ఉండకపోతే మొదలవుతుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. రెండేళ్ళ క్రిందట మా పెద్దమ్మాయి ఇంట్లో ఉన్నాము. ఆదివారం ఆరాధన నుండి వచ్చేసరికి మంచి ఎండ, కారులో ఏ.సి. నడుస్తున్నది, బ్యాటరీ దాదాపు అయిపోయింది. చంటిపిల్ల నిద్రపోతున్నదని అల్లుడు బిడ్డను భుజాన వేసుకొని దిగాడు, మేము సంచులు పట్టుకొన్నాము. కారు మూడుసార్లు కీచుమన్నది. తలుపు సరిగా పడలేదేమో అనుకొని మరొకసారి వేశాము. గరాజు షట్టరు దించి లోపలికి వెళ్ళి భోజనాలు చేశాము. గంటన్నర తరువాత బియ్యం సంచి కోసం నేను గరాజు తలుపు తీస్తే వేడి గాలి ముఖాన కొట్టింది. ఇంజను నడుస్తున్నది. ఆ గరాజు పైన గదిలోనే పిల్ల నిద్రపోతున్నది.

షట్టరు ఎత్తి, కారు ఆపి, అందరం బయట చెట్టు క్రిందికి వచ్చాము. నా భార్యకు తలనొప్పి, అమ్మాయికి వికారం. అవి భోజనం వల్ల అనుకొన్నారు. పిల్ల క్షేమంగా ఉన్నది, దేవునికి స్తోత్రము. ఇంట్లో ఈ విషవాయువును పసిగట్టే అలారం ఉన్నది గాని, దాని బ్యాటరీ తీసి మనుమడి బొమ్మ కారుకు వేశారు. ఆ రాత్రి ఎవరికీ అన్నం సహించలేదు.

పెట్రోలు పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ వాసన వేరే వాటిది. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట ఇది కూర్చొని కదలదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, ఆ మీదట మత్తు. నిద్రలో ఉన్నవారు లేవరు. చలికాలంలో తలుపులు బిగించి బొగ్గుల కుంపటి దగ్గర పడుకొన్నవారు, గదిలో జనరేటరు పెట్టుకొన్నవారు తెల్లవారేసరికి చనిపోయేది కూడా దీనివల్లనే. న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2018లో వ్రాసినదాని ప్రకారం, బొత్తాము కార్లను ఆపడం మరచి ఇలా చనిపోయినవారు 2006 నుండి అప్పటికి 28 మంది. అవన్నీ హైబ్రిడ్ కార్లు కావు. టొయోటావారు 2020 మోడళ్ళ నుండి చాలా కార్లకు కొంతసేపటికి దానంతట అదే ఆగే ఏర్పాటు పెట్టారు. అంతకు ముందువి కొన్నవారికి అది లేదు.

క్రొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ పెట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఉన్నది. పడేవాడిని తిట్టలేదు, కట్టినవాడికి ఆజ్ఞ ఇచ్చారు. గరాజున్న ఇంట్లో అలారమే ఆ పిట్టగోడ అని నా ఉద్దేశము. దిగేముందు బొత్తాము నొక్కి, ఎదుటి అద్దంలో దీపాలన్నీ ఆరినవని కంటితో చూడాలి. కీచుమంటే ఎందుకో చూడకుండా దిగవద్దు. షట్టరు మూసి లోపల కారు ఒక్క నిమిషం కూడా ఆన్‌లో ఉంచవద్దు. నడిపేది మీరు కాకపోయినా, “ఆపావా బాబూ?” అని అడగడానికి సిగ్గుపడకండి. మా అల్లుడు ఇప్పుడు అడగకముందే చెబుతున్నాడు.

చప్పుడు లేకపోవడం నడిచేవారికీ అపాయమే, ముఖ్యంగా చూపు లేనివారికి, పిల్లలకు. అందుకే అమెరికాలో 2021 నుండి క్రొత్తగా తయారయ్యే ఇటువంటి కార్లు గంటకు 30 కిలోమీటర్ల లోపు వేగంలో కృత్రిమంగా ధ్వని చేయాలని నియమం. ఇది అక్కడి మాటే అనుకోవద్దు. 2022లో మన దేశంలో వచ్చిన ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారాలలో ప్లగ్గు లేని హైబ్రిడ్ రకాలున్నాయి. అవి కూడా నెమ్మదిగా పోయేటప్పుడు కొంత దూరం కరెంటు మీదనే పోతాయి. చర్చి ఆవరణలో సండే స్కూలు పిల్లలు ఆడుకొంటుండగా కారు వెనుకకు తీసేవారు, ఒకరిని దింపి వెనుక నిలబెట్టి తీయండి.

ఇక సహోదరి అడిగిన షాకు. పెద్ద బ్యాటరీ తీగలలో వందల వోల్టులుంటాయి గాని, వాటికి నారింజ రంగు తొడుగు వేసి మనిషికి తగలకుండా మూసి ఉంచుతారు. ఛార్జింగు తీగ కారులో పూర్తిగా కూర్చొని, రెండింటికీ పొత్తు కుదిరిన తరువాతనే కరెంటు పారుతుంది. వర్షంలో పెట్టినా భయం లేదు. భయమల్లా గోడ వైపున. ఎక్స్‌టెన్షను బోర్డు వాడవద్దు, అదే లైనుకు ఇంకేదీ తగిలించవద్దు. ప్లగ్గు చేతికి కాలుతుంటే స్విచ్చి ఆపి ఎలక్ట్రీషియనును పిలవాలి. వర్షం వేరు, వరద వేరు. 2012 అక్టోబరులో శాండీ తుఫాను ఉప్పునీరు న్యూజెర్సీ రేవులో నిలిపిన ఫిస్కర్ కర్మా అనే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లను ముంచింది. వాటిలో 16 కాలిపోయాయి. వరదలో మునిగిన కారును ఇంటికి దూరంగా ఉంచి, మెకానిక్కు చూసేవరకు ఆన్ చేయవద్దు. ప్రమాదంలో దెబ్బతిన్న కారైతే నారింజ తీగల జోలికి పోకుండా, వచ్చిన అగ్నిమాపకులకు ఇది హైబ్రిడ్ అని ముందే చెప్పాలి.

గ్యాసు పొయ్యి రబ్బరు గొట్టం ఎన్నాళ్ళకు మార్చాలని ముగ్గురు అడిగారు. దానిని వచ్చే నెల చూద్దాము.