పట్నంలో ‘ఎకో’, మన్యంలో ‘కచ్చా’

మట్టిగోడకి రెండు పేర్లున్నాయి. అరకు లోయలో కొందు, పోర్జ, గదబ, కొండదొర కుటుంబాలు కాపురముండే ఇంటికి ఆ గోడ వుంటే ప్రభుత్వ లెక్కల్లో అది ‘కచ్చా ఇల్లు’. అదే లోయలో రోడ్డు పక్కన పర్యాటకుల కోసం కట్టిన కాటేజీకి ఆ గోడే వుంటే అది ‘ఎకో ఫ్రెండ్లీ’. మొదటిది వెనకబాటుతనానికి గుర్తు, రెండోది అభిరుచికి గుర్తు. మొదటి గోడని ఏటా అలికే స్త్రీకి కూలి లేదు. రెండో గోడ ఎలా వుండాలో కాగితం మీద గీసిచ్చిన వారికి ఫీజు వుంది. మట్టి ఒకటే, వెదురు తడక ఒకటే, పేడ ఒకటే. మారిందల్లా ఆ ఇంటి యజమాని.

పర్యావరణానికి హాని చేయనిది, నైతికంగా తయారైనది, చూడ్డానికి అందమైనది - ఇలాంటి సామానుతో ఇల్లు సర్దుకోవాలన్న కోరిక మధ్యతరగతిలో బలపడింది. వెదురు దీపం, అడ్డాకు విస్తరి, కొండచీపురు, సవర బొమ్మలున్న గోడగుడ్డ, ఎర్రమట్టి పూత. ప్లాస్టిక్‌కి విసిగిన మనుషులు వీటివైపు తిరగడాన్ని ఎవరూ తప్పు పట్టరు. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పుల మీద నిషేధం అమల్లోకి వచ్చాక ఆకు విస్తరి మళ్లీ ఫంక్షన్ హాళ్లకి చేరడం మంచిదే. అయితే ‘ఎథికల్’ అన్న ముద్ర వేసుకుని ఈ సరుకు అమ్మేవాళ్లని స్త్రీల సంస్థలు ఒక ప్రశ్న అడగాల్సి వుంది. ఈ వస్తువు ఏ కొండ నుంచి వచ్చింది? ఆ కొండ మీద, ఆ వస్తువు చేసిన స్త్రీకి ఏ హక్కు వుంది? దీనికి జవాబు చెప్పలేని సరుకుని పర్యావరణ హితమని పిలిస్తే పిలవొచ్చు గాని నైతికమని పిలవడానికి వీల్లేదు.

కొండచీపురునే తీసుకుందాం. చలికాలం వెళ్లే రోజుల్లో కొండవాలు మీద గడ్డి కోసి, ఎండబెట్టి, విదిలించి, కట్టలు కట్టి, నెత్తిన పెట్టుకుని సంతకి దించే పని ఎక్కువగా ఆడవాళ్లదీ ఆడపిల్లలదీ. అడ్డాకు కథా అంతే. అడ్డ అనేది చెట్లని అల్లుకుని పైకి పాకే పెద్ద తీగ. ఏ ఆకు విస్తరికి పనికొస్తుందో చూసి కోయాలి, ఆరబెట్టాలి, బరువు కింద అదమాలి, పుల్లలతో కుట్టాలి. సంతలో ధర కట్టేది ఆకుల కట్టకి మాత్రమే. ఎక్కిన కొండకి ధర లేదు, మోసిన మోపుకి ధర లేదు, పొలం పని, వంటపని ముగించి దీపం దగ్గర కుట్టిన గంటలకి ధర లేదు. కట్ట కట్టగా కొన్న షావుకారు మైదానంలో అమ్ముకుంటాడు. అక్కడినుంచి యంత్రం మీద ఒత్తిడికి వెళ్లి, అట్టపెట్టెలో చేరి, పెట్టె మీద ఆకుపచ్చ అక్షరాలు పడ్డాక ఆ ఆకు విలువ ఎన్ని రెట్లయినా పెరగొచ్చు. ఆ పెరుగుదలలో కోసినామె వాటా ఎక్కడా కనపడదు.

ఎందుకు కనపడదు? ఆమె చేసేదాన్ని ‘పని’ అని ఎవరూ అనరు కాబట్టి. దాన్ని ‘తీరిక వేళల ఆదాయం’ అంటారు. ఈ మాట మన తెలుగు నేలకి కొత్త కాదు. నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ 1982లో అచ్చువేసిన పుస్తకం మనలో చాలామంది చదివే వుంటారు. పశ్చిమ గోదావరి ఆడవాళ్లు అల్లిన లేసు పాశ్చాత్య దేశాల ఇళ్లలో బల్లల మీద పరిచారు. రోజుకి ఎన్నో గంటలు కళ్లు పాడుచేసుకుని అల్లినా వాళ్లని కార్మికులుగా కాక, ఖాళీ సమయంలో ఏదో అల్లుకునే ఇల్లాళ్లుగా లెక్కగట్టారు కాబట్టే ఆ వ్యాపారం అంత లాభసాటి అయిందని ఆమె చూపించింది. ఈ నలభై ఏళ్లలో బల్ల మీద గుడ్డ స్థానంలో ఆకు విస్తరి వచ్చింది, డెల్టా స్థానంలో కొండ వచ్చింది. లెక్కకట్టే పద్ధతి మాత్రం అదే. పైగా కొండ స్త్రీకి డెల్టా స్త్రీకి లేని ఇంకో చిక్కు వుంది. ఆమె ముడిసరుకు అడవిలో వుంది. ఆ అడవి నాదని ప్రభుత్వం అంటోంది.

ఇక్కడే చట్టం సంగతి చూడాలి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థకి, 1979 నాటి రెగ్యులేషన్ కింద, షెడ్యూల్డు ప్రాంతాల్లో అటవీ ఫలసాయం వ్యాపారంపై గుత్తాధికారం దక్కింది. షావుకార్ల దోపిడీ నుంచి కాపాడటం దాని ఉద్దేశం, ఆ ఉద్దేశాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కాని కాపాడటం వేరు, హక్కు ఇవ్వడం వేరు. 1996 నాటి పెసా చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యం గ్రామసభకి, పంచాయతీకి వుండాలంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకేసి, సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కునీ, యాజమాన్యాన్నీ అడవి బిడ్డలకే గుర్తించింది. వెదురుని కూడా ఆ ఫలసాయంలో చేర్చింది. భార్యాభర్తలుంటే పట్టా ఇద్దరి పేరా జమిలిగా వుండాలంది. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం గ్రామసభ కోరంలో మూడో వంతు స్త్రీలు లేకపోతే ఆ సభ చెల్లదు.

కాగితం మీద ఇంత వుంది. మరి కొండ మీద? వ్యక్తిగత పట్టాల గురించి జరిగినంత హడావుడి సామూహిక హక్కుల గురించి జరగలేదు. చాలాచోట్ల గ్రామసభకి దక్కాల్సిన సామూహిక హక్కు పత్రాలు అటవీశాఖ చెప్పుచేతల్లో వుండే వన సంరక్షణ సమితుల పేర వచ్చాయని మన రాష్ట్రంలో హక్కుల సంఘాలు మొదటినుంచీ మొత్తుకుంటూనే వున్నాయి. వెదురు సంగతి ఇంకా విడ్డూరం. 1927 నాటి అటవీ చట్టం వెదురుని చెట్టు అంది. 2017 నవంబరులో సవరణ తెచ్చి, అడవి బయట పెరిగిన వెదురుని మాత్రం చెట్ల జాబితా నుంచి తప్పించారు. సొంత పొలంలో వెదురు వేసుకోగల రైతుకి ఆ సవరణ మేలు. అడవి వెదురు నరుక్కుని బుట్ట అల్లే స్త్రీకి దానివల్ల కొత్తగా ఒరిగింది లేదు. ఆమెకి పనికొచ్చేది అటవీ హక్కుల చట్టమే. అది పనిచేస్తుందని నిరూపించిన ఊరు కూడా వుంది. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మెంఢా లేఖా గ్రామసభ పట్టుబట్టి, 2011లో వెదురు రవాణాకి అనుమతి పత్రాలు రాసే అధికారాన్ని తన చేతిలోకి తెచ్చుకుంది. ధర అడిగే సత్తా ఆ కాగితంతో వచ్చింది గాని ఏ డిజైనరు దయతోనూ రాలేదు.

ఇక కాటేజీలు లేచిన నేల గురించి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుల పేరు మీదికి భూమి పోకూడదని 1959 నాటి రెగ్యులేషనూ, దాన్ని గట్టిపరచిన 1/70 చట్టమూ చెబుతున్నాయి. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలో గనుల లీజుల మీద సాగిన సమతా కేసులో, 1997 జూలై 11న సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా ‘వ్యక్తే’ననీ, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని అది కూడా గిరిజనేతరులకి లీజుకివ్వరాదనీ తేల్చింది. ఇంత గట్టి చట్టాన్ని దాటడానికి ఏజెన్సీలో వాడే దారుల్లో ఒకటి ఆడదాని మెడ మీదుగా వెళుతుంది. గిరిజనేతరుడు గిరిజన స్త్రీని పెళ్లి పేరుతోనో, పెళ్లి కాని పెళ్లితోనో తెచ్చుకుంటాడు. భూమి ఆమె పేర, పెత్తనం అతని చేత. అవసరం తీరాక ఆమె పేరూ మిగలదు, ఆమే మిగలదు. అలా చిక్కిన నేల మీద ఎన్ని వెదురు కప్పులు వేసినా, ఎన్ని సోలారు పలకలు పెట్టినా అది అన్యాయపు కట్టడమే. ‘ప్రకృతి ఒడిలో బస’ అన్న ప్రకటన చూసినప్పుడు ఆ నేల పట్టా ఎవరి పేర వుంది, ఆమె ఎక్కడుంది అని అడగడం నేర్చుకోవాలి.

ఇదే తూర్పు కనుమల్లో ఉత్తరానికి వెళితే సీతంపేట కొండల్లో సవరల గోడబొమ్మలు. సవరలకి ఆ బొమ్మ అలంకారం కాదు. పితరులూ దేవతలూ వచ్చి నిలిచే చోటు. రోగమొచ్చినప్పుడు, పంటకి ముందు, చనిపోయినవాళ్ల కోసం, తంతు ప్రకారం వేసేది. అదిప్పుడు దిండు గలీబుల మీదా చీరల మీదా పరుచుకుంది. సవర యువతీ యువకులు ఇష్టపడి బట్ట మీద గీసి బతుకుతుంటే దాన్ని కాదనడానికి మనమెవరం? కాని గీసినవారి పేరు లేకుండా, ఊరి అనుమతి లేకుండా, కంప్యూటరులో నకలు తీసి గజాల కొద్దీ అచ్చువేసి ‘ట్రైబల్ ప్రింట్’ అని అమ్మేవాళ్లు కూడా తమ సరుకుని ఎథికల్ అనే అంటున్నారు. దేవుడి గదిని తీసుకొచ్చి సోఫా మీద వేసి, అడిగితే సంస్కృతిని బతికిస్తున్నామంటున్నారు.

ఇలా రాస్తే వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది. ‘అయితే గిరిజనులు ఎప్పటికీ మట్టి ఇళ్లలోనే వుండాలా?’ అక్కర్లేదు. మట్టి ఇంటిని పొగిడేవాళ్లు ఆ ఇంటిని ఏటా అలికినవాళ్లు కారు. వానకి గోడ కరిగితే మళ్లీ మట్టి తొక్కేది ఎవరు? పొగ నిండిన గదిలో వండేది ఎవరు? గడ్డి కప్పుకి నిప్పంటుకుంటుందని రాత్రంతా భయపడేది ఎవరు? సిమెంటు ఇల్లు కావాలని ఒక గదబ స్త్రీ అంటే దానికి ఆమె కారణాలు ఆమెకున్నాయి. వాటిని ‘నగరం చెడగొట్టిన అభిరుచి’ అని కొట్టిపారేయడం అహంకారం.

అయితే ఆమెకి నిజంగా ఎంచుకునే అవకాశం ఇచ్చారా? 2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన మట్టిగోడనీ గడ్డికప్పునీ కచ్చాగా లెక్కగట్టి, కనీసం 25 చదరపు మీటర్ల పక్కా ఇల్లు ఇస్తానంటుంది. 2023 నవంబరులో ప్రకటించిన పీఎం జన్‌మన్ కింద బాగా వెనకబడిన తెగలకి ఇంటికి 2 లక్షల రూపాయలు. ఇల్లు ఆడవాళ్ల పేర ఇవ్వడం మంచిదే. కాని ఆ ఇంటిలో పొయ్యి ఎక్కడుండాలి, ధాన్యం ఎక్కడ పెట్టుకోవాలి, మేకలూ కోళ్లూ ఎక్కడుండాలి, నలుగురు ఆడవాళ్లు కూర్చుని విస్తళ్లు కుట్టుకునే అరుగు వుండాలా వద్దా అని ఆమెని అడిగే గడి ఏ దరఖాస్తులో వుంది? ఈజిప్టులో హసన్ ఫతీ 1940లలో పేదల కోసం మట్టి ఇటుకలతో ‘న్యూ గుర్నా’ అనే ఊరు అందంగా కట్టాడు. ఎవరికోసం కట్టాడో వాళ్లలో చాలామంది అందులోకి రావడానికి ఒప్పుకోలేదు. సొంత ఊరు వదలమని వాళ్లని ఎవరూ అడగలేదు, చెప్పారంతే. మట్టి అయినా సిమెంటు అయినా, అడగకుండా కట్టిన ఇల్లు ఎవరో వేసిన బొమ్మే. మంచి ముడిసరుకుతో కట్టిన గట్టి మట్టి ఇల్లు, పెంకు కప్పు, పొగలేని పొయ్యి, ఇంటి దగ్గరికి నీళ్లు - వీటికీ అంతే డబ్బు మంజూరు చేయొచ్చు కదా? పర్యాటకుడికి దొరికే ఆ సౌకర్యం ఆ ఊరి స్త్రీకి ఎందుకు దొరకదు?

రెండో ప్రశ్న: ‘అయితే కొనొద్దంటారా?’ కొనాలి. కొనకపోతే నష్టపోయేది సంతలో కూర్చున్న ఆమే. కొన్నందుకు పుణ్యం వచ్చిందనుకోవడం మాత్రం మానాలి. స్త్రీల సంస్థలూ స్వచ్ఛంద సంస్థలూ నడిపే ప్రదర్శనల్లో, అమ్మకపు కేంద్రాల్లో ఈ సరుకు పెట్టేముందు కొన్ని షరతులు రాసుకోవాలి. కోసినవారికి, కుట్టినవారికి ఎంత ముట్టిందో ధర చీటీ మీదే వుండాలి. కుట్టే గంటలకి కనీస వేతనం కట్టాలి. డబ్బు ఆమె పేర వున్న ఖాతాలో పడాలి. కొండమీద జారిపడితే, పాము కరిస్తే నష్టపరిహారం బాధ్యత కొన్నవాళ్లు పంచుకోవాలి. సరుకు ఏ గ్రామసభ అడవి నుంచి వచ్చిందో, ఆ సభకి సామూహిక హక్కు పత్రం వుందో లేదో చెప్పాలి. లేకపోతే దాన్ని సాధించే పోరాటంలో ఆ దుకాణం ఎటువైపు నిలబడిందో చెప్పాలి.

చివరి షరతే ముఖ్యం. ధర ఈ ఏడు పెంచినవాళ్లు వచ్చే ఏడు తగ్గించగలరు. హక్కు పత్రం చేతిలో వున్న ఊరిని అలా ఆడించలేరు. పాడేరులోనూ పార్వతీపురంలోనూ పనిచేస్తున్న మన మిత్రులు ఈ ఏడు మేళాలకి స్టాళ్లు లెక్కపెట్టేముందు, తమ గ్రామాల్లో ఎన్ని గ్రామసభలు మూడో వంతు స్త్రీల కోరంతో సామూహిక హక్కు దరఖాస్తు మీద తీర్మానం చేశాయో లెక్కపెట్టాలి. చేయనిచోట చేయించాలి. చేసినా దస్త్రం కదలనిచోట సబ్ డివిజనల్ కమిటీ ముందు, ఐటిడిఎ ముందు బైఠాయించాలి. పట్నంలో గోడకి వేలాడే వెదురు దీపం సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.