కుక్కకు మొక్కు తెలియదు

పటాన్‌చెరు దాటాక ముంబై హైవే పక్కన లారీలు వరసగా ఆగే చోట్ల, వాటి కిందే కుక్కలు పడుకుంటాయి. ఎండాకాలం అంత మంచి నీడ వాటికి ఇంకెక్కడా దొరకదు. డ్రైవరు టీ తాగి వచ్చి కిందికి వంగి చూడకుండా గేరు వేస్తాడు. చచ్చిపోయిన కుక్కను మున్సిపాలిటీ బండి తీసుకుపోతుంది. చావకుండా మిగిలినదాని సంగతే ఎవరికీ పట్టదు. అది ముందుకాళ్ల మీద ఒళ్లు లాక్కుంటూ, వెనకకాళ్లు రెండూ తోకతో సహా ఈడ్చుకుంటూ ఏ హోటల్ వెనక్కో చేరుతుంది.

అక్కడ మొదలవుతాయి కారణాలు. "గాలి తాకింది." "అమాస నాడు దిష్టి తీసి పారేసింది దాటింది." "దాని కర్మ." నిన్నటిదాకా పరుగెత్తిన జంతువు ఇవాళ నడుము కింద చచ్చుబడింది, పైకి చూస్తే నెత్తురు చుక్క లేదు. వెన్నుపాము దెబ్బతినాలంటే చర్మం చిట్లనక్కర్లేదని తెలియని మనిషికి లారీకన్నా గాలే నమ్మదగ్గ కారణంగా తోస్తుంది.

దిష్టి వాదాన్ని ముందు చూద్దాం. దాన్ని పరీక్షించడం చాలా తేలిక. అమావాస్య వచ్చిందంటే మన కూడళ్లలో పసుపన్నం, కోడిగుడ్డు, కోసిన నిమ్మకాయ, కొబ్బరిచిప్ప పడి ఉంటాయి. మనుషులు పక్కకు జరిగి నడుస్తారు. కుక్కలు జరగవు, తింటాయి. దాటితేనే కాళ్లు పడిపోయేట్టయితే కడుపునిండా తిన్నదాని గతేమిటి? నెలనెలా ఊరంతా జరుగుతున్న ఈ ప్రయోగంలో పటాన్‌చెరు కుక్కలన్నీ ఈపాటికి ఈడ్చుకుంటూ ఉండాలి. అవేమో వచ్చే అమావాస్య కోసం అదే కూడలిలో కూర్చుని ఉన్నాయి. రుద్రారం గణేశ్‌గడ్డ దగ్గర కొత్త బండికి పూజ చేయించి టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించేవాళ్లు, బండి కదిపే ముందు ఆ టైర్ల వెనక కూడా ఒకసారి చూస్తే సగం కుక్కలకు ఈ వ్యాసం అక్కర్లేదు.

వెనకకాళ్లు పడిపోవడం వెనక చాలా జబ్బులుంటాయి. లారీ దెబ్బకు వెన్నుపూస విరగొచ్చు, విరక్కుండానే వెన్నుపాము కమిలిపోవచ్చు. డాక్స్‌హండ్ లాంటి పొట్టికాళ్ల జాతుల్లో డిస్కు జారి వెన్నుపామును నొక్కుతుంది. సోఫా మీంచి దూకినా చాలు. లాబ్రడార్లలో, జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీలు సరిగా అమరకపోవడం వంశపారంపర్యంగా వచ్చే చిక్కు. ముసలి జర్మన్ షెపర్డ్‌కు నొప్పి లేకుండా, నెలల తరబడి మెల్లగా కాళ్లు వదిలేస్తుంటే వెన్నుపాము క్షీణించే జబ్బేమో అనుమానించాలి, దానికి నయం చేసే మందు లేదు. టీకా పడని వీధి పిల్లలకు డిస్టెంపర్ వస్తుంది. మొదట జ్వరం, ముక్కు నుంచి చీమిడి. తర్వాతెప్పుడో కాలో దవడో లయగా అదరడం. చివరికి వెనకకాళ్లు పోవడం. నిద్రలో కూడా ఆగని ఆ అదురు చూసి దయ్యం పట్టిందనుకున్నవాణ్ని నేను తప్పుపట్టను. డిస్టెంపర్ టీకా సంగతి అతనికి ఎవరూ చెప్పకపోవడం తప్పు.

ఇక్కడ రేబిస్ మాట కూడా చెప్పుకోవాలి. పిచ్చెక్కి మీదపడి కరిచే రూపం అందరికీ తెలుసు. పక్షవాతం రూపం కొద్దిమందికే తెలుసు. కాళ్లు తూలతాయి, దవడ జారుతుంది, చొంగ కారుతుంది; గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని ఎవరో దయగల మనిషి నోట్లో చెయ్యి పెడతాడు. ఎక్కడిదో తెలియని కుక్క కాళ్లు పడి, మింగలేక చొంగ కారుస్తుంటే చేత్తో ముట్టకుండా పశువైద్యుడికి కబురు చేయాలి. కుక్కలకు వేసే రేబిస్ టీకా ‘రక్షారాబ్’ తయారుచేసే ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ మనకు దగ్గర్లో గచ్చిబౌలిలోనే ఉంది. అయినా గొలుసుకు నిమ్మకాయ కట్టి, టీకా కార్డు లేకుండా పెరుగుతున్న కుక్కలు మన వీధుల్లో బోలెడు.

ఇన్ని జబ్బులకూ మన దగ్గరున్నవి నల్లదారం, పసరు కట్టు, వాత, మొక్కు. దారం వల్ల ఖర్చు తప్ప హాని లేదు. కట్టు సంగతి కాస్త వేరు. పుత్తూరు కట్టుకు మనుషుల్లో ఉన్న పేరు ఊరికే రాలేదు. విరిగిన ఎముకను కదలకుండా ఉంచితే దానంతటదే అతుక్కుంటుంది, కట్టు చేసే మేలు ఆ కదలకుండా ఉంచడమే. కానీ దెబ్బ వెన్నులో ఉన్నప్పుడు కాలికి కట్టు కట్టి లాభమేముంది? స్పర్శ లేని కాలికి బిగించిన కట్టు కింద పుండు పడినా కుక్కకు తెలియదు, పురుగులు పట్టి వాసన వచ్చాక మనకు తెలుస్తుంది.

వాత పెట్టేవాడి దగ్గర మాత్రం ఒక రుజువు ఉంటుంది. కాలిన ఇనుపకడ్డీ తగలగానే పడిపోయిన కాలు చటుక్కున ముడుచుకుంటుంది. "చూసిన్రా, కాలుకు పానం వచ్చింది" అంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలాడిస్తారు. కళ్లెదుటే కదిలింది మరి.

నిజానికి ఆ కదలికకు మెదడుతో పని లేదు. కాలి నుంచి బయల్దేరిన కబురు నడుము దగ్గరి వెన్నుపాము దాకా వెళ్లి, అక్కణ్నుంచే వెనక్కి తిరిగి కండరాన్ని ముడుస్తుంది. ఆ పైన వెన్నుపాము పూర్తిగా తెగిపోయి ఉన్నా ఇది జరుగుతుంది. అందుకే పశువైద్యుడు కాలి వేలిని పరికరంతో గట్టిగా నొక్కినప్పుడు కాలి వంక చూడడు, మొహం వంక చూస్తాడు. కుక్క తల తిప్పిందా, మూలిగిందా, కరవబోయిందా? అలా చేస్తే నొప్పి మెదడు దాకా చేరుతోందన్నమాట. డిస్కు జారిన కుక్కల్లో ఆ నొప్పి తెలుస్తున్నవి సరైన చికిత్స అందితే పదింట తొమ్మిది దాకా మళ్లీ నడుస్తాయి. తెలియని వాటికి ఆపరేషన్ చేసినా సగమే ఆశ, అదీ ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. వెన్నుపూసే విరిగి, నొప్పి కూడా తెలియకపోతే ఆశ మరీ తక్కువ.

దీన్నిబట్టి వాత లెక్క చూడండి. కడ్డీ తగలగానే కుయ్యోమన్న కుక్కకు నొప్పి తెలుస్తోంది, అది వాత లేకున్నా లేచే అవకాశం ఎక్కువ. కుయ్యనకుండా కాలు మాత్రం లాక్కున్న కుక్కది అన్నిటికన్నా చెడ్డ స్థితి, దాన్నే ‘పానం వచ్చింది’ అని చూపిస్తున్నాడు. మొదటిది లేస్తే పేరు వాతకు. రెండోది లేవకపోతే తప్పు కర్మది. మూడో అమావాస్య దాకా ఆగమని వాతగాడు చెప్పిన ఆ రోజుల్లోనే ఆపరేషన్‌కు ఉన్న గడువు దాటిపోతుంది.

పటాన్‌చెరు ఉన్న మన సంగారెడ్డి ఒకప్పటి మెదక్ జిల్లాలో భాగం. బాణామతి, అంటే చేతబడి, చేశారంటూ మనుషుల్ని కొట్టి, మంత్రం చదవలేకుండా పళ్లు పీకిన చరిత్ర ఆ జిల్లాది. బాణామతి సోకిందని గట్టిగా నమ్మిన మనిషి నిజంగానే పడిపోవచ్చు, విరుగుడు జరిగిందని నమ్మి నిజంగానే లేవనూ వచ్చు. మనిషి దగ్గర నమ్మకం రోగంగానూ మందుగానూ పనిచేస్తుంది, అందుకే మనుషుల విషయంలో మంత్రగాడితో వాదన ఎప్పటికీ తెగదు. కుక్క దగ్గర ఆ చిక్కు లేదు. మెడలో కట్టింది తాయెత్తో తోలుపట్టీయో దానికి తెలియదు. ఎవరికి మొక్కారో, ఎన్ని వారాలు ఉపవాసం ఉన్నారో తెలియదు. మంత్రం మహిమను తేల్చాలంటే కాళ్లు పడిన కుక్కను మించిన సాక్షి లేదు.

అయినా "మా టామీకి తాయెత్తుతోనే తగ్గింది" అనేవాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. వెన్నుపాము కమిలిన కుక్కల్లో కొన్ని వాపు తగ్గాక వాటంతటవే లేస్తాయి. ఇంకో సంగతి ఉంది. కీళ్లనొప్పితో కుంటే కుక్కల మీద అమెరికాలో జరిగిన ఒక మందు పరీక్షలో 58 కుక్కలకు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నేలలో అమర్చిన యంత్రంతో ఏ కాలు ఎంత బరువు మోస్తోందో కొలిచారు. యజమానులనూ పశువైద్యులనూ విడిగా అడిగారు. యంత్రం మార్పేమీ లేదన్నచోట కూడా చాలామంది యజమానులకు కుంటు తగ్గినట్టు కనిపించింది. డాక్టర్లకూ కనిపించింది! 2012లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. చదువుకున్న డాక్టరు కంటికే అలా తోస్తే, వారం రోజులు ఉపవాసం ఉన్న ఇల్లాలి కంటికి తోచదా?

అదే ఏడాది కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు ‘బ్రెయిన్’ పత్రికలో మరో ప్రయోగం ప్రకటించారు. వెన్నుపాము దెబ్బతిని చాలాకాలం గడిచిన 34 పెంపుడు కుక్కల్లో 23కి వాటి ముక్కు లోపలి పొర నుంచి తీసి పెంచిన కణాలను దెబ్బ ఉన్నచోట ఎక్కించారు. మిగతా 11కి ఉత్త ద్రవం. దేనికి ఏది ఇచ్చారో నడక చూసి లెక్కవేసేవాళ్లకు చెప్పలేదు. కణాలు పడిన కుక్కలు వెనకకాళ్లను ముందుకాళ్లతో కలిపి కదపడంలో మెరుగయ్యాయి. మూత్రం మీద అదుపు మాత్రం రాలేదు, ఆ మాట కూడా వాళ్లే రాశారు. మన వాతగాడు ఏనాడైనా వాత పెట్టని 11 కుక్కల లెక్క చెప్పాడా?

ఇంగ్లిష్ మందు వాడినంత మాత్రాన హేతువాదులం అయిపోము. "సార్, ఒక బలం ఇంజక్షన్ ఇయ్యిండ్రి" అన్న మాటలో ఉన్నది తాయెత్తు మీది నమ్మకమే. స్టెరాయిడ్ పడ్డాక కుక్క రెండ్రోజులు ఆవురావురుమని తింటుంది, దాన్నే కోలుకోవడం అనుకుంటాం. మనం వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు కుక్క కడుపులో పుండ్లు చేసి నెత్తురు కక్కిస్తాయి. బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల మధ్య బతుకుతున్న మనకు ఈ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ ఉండాల్సింది.

ఆ ఫ్యాక్టరీల మీదే ఇంకో వివరణ తిరుగుతుంటుంది: "కెమికల్ నీళ్లు తాగి కాళ్లు పోయినయి." ఇది వినడానికి సైన్సులా ఉంటుంది. ఇక్కడి కాలుష్యం కట్టుకథ కాదు. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటిస్తే ప్రపంచమంతా ఉలిక్కిపడింది. నక్కవాగు గురించి రైతులు ఏళ్లకేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. అయితే ఆ నిజాన్ని తెచ్చి ఈ కుక్క నడుముకు అతికించాలంటే ముందు ఎక్స్‌రే తీయాలి. విరిగిన వెన్నుపూస అందులో కనపడితే వాగును వదిలేసి లారీని పట్టుకోవాలి.

కర్మ వాదానికి జవాబు మన పురాణంలోనే ఉంది. మహాభారతం మొదట్లోనే జనమేజయుడి తమ్ముళ్లు సరమ కొడుకైన కుక్కపిల్లను ఊరికే కొడతారు. తప్పు చేయని బిడ్డను కొట్టినందుకు తల్లి కుక్క వచ్చి రాజును నిలదీస్తుంది. చివర్లో ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానంటాడు. దత్తాత్రేయుడి పటంలో నాలుగు కుక్కలు, కాలభైరవుడికి వాహనంగా ఒకటి. ఇంతమంది దేవుళ్ల పక్కన కుక్కల్ని నిలబెట్టి, శనివారం నల్లకుక్కను వెతికి రొట్టె వేసి, కుంటికుక్కను చూసి మాత్రం ‘పోయిన జన్మలో ఏం చేసిందో’ అని దాటిపోతాం. రాజ్యాంగంలో 1976లో 42వ సవరణతో వచ్చిన 51ఎ అధికరణ ప్రాణుల పట్ల కరుణను ఒక విధిగా చెప్పి, ఆ వెంటనే శాస్త్రీయ దృష్టిని ఇంకో విధిగా చెప్పింది. ఆ రెండూ పక్కపక్కన ఉండటం కావాలని చేసిందో లేదో గానీ, కాళ్లు పడిన కుక్క దగ్గర ఒకటి లేకుండా రెండోది పనికిరాదు.

మరి ఏం చేయాలి? దెబ్బ తగిలిన కుక్కను చంకల కింద పట్టి ఎత్తకూడదు. నోటికి మెత్తటి గుడ్డ కట్టి, చెక్కమీదో అట్టమీదో పడుకోబెట్టి నడుము వంగకుండా తీసుకెళ్లాలి. పశువైద్య సంచార వాహనాలకు 1962 నంబరు ఉంది. పెద్ద కేసులకు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉంది, 1992లో అమల అక్కినేని మొదలుపెట్టిన హైదరాబాద్ బ్లూ క్రాస్ ఉంది. ఆపరేషన్ అక్కర్లేదంటే నాలుగు నుంచి ఆరు వారాలు చిన్న బోనులో కట్టడి. ఇంటివాళ్లకు జాలేసి మధ్యలో వదిలేస్తారు, చాలా కేసులు చెడేది అక్కడే.

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఎవరూ ఫొటో తీసుకోనిది. మూత్రసంచి పట్టు తప్పిన కుక్కకు రోజుకు మూడు నాలుగుసార్లు పొత్తికడుపు నొక్కి మూత్రం పిండాలి. ఎలాగో డాక్టరు చేయి పట్టి నేర్పిస్తాడు. కారుతోంది కదా అని వదిలేస్తే లోపల నిండిపోయి, చీము పట్టి, కిడ్నీలు పోతాయి. వెన్ను దెబ్బ నుంచి బతికిన కుక్క చాలాసార్లు దీంతోనే చస్తుంది. కొన్ని గంటలకోసారి పక్క మార్చాలి. డాక్టరు సరేనన్నాక కాళ్లను సైకిల్ తొక్కినట్టు ఆడించాలి, పొట్ట కింద తువ్వాలు వేసి పట్టుకుని నిలబెట్టాలి. నున్నటి టైల్స్ మీద గోనెపట్టాలు పరవాలి. కొన్ని కుక్కలు నొప్పి తెలియకపోయినా నెలల తరబడి ఈ సాధనతో వెన్నుపాములో మిగిలిన ప్రతిచర్యల మీదే తడబడుతూ నడక పట్టుకుంటాయి. ఆ నెలల్లో ఎప్పుడో ఒక మొక్కు మొక్కి ఉంటాం, పేరంతా దానికి పోతుంది.

అన్నీ నడవవు. నడవలేక, తినలేక, పుండ్లలో పురుగులతో కొట్టుకుంటున్న కుక్కకు సూదితో బాధ లేని చావు ఇవ్వడానికి 1960 నాటి జంతు హింస నివారణ చట్టం దారి ఉంచింది. "చంపిన పాపం మాకెందుకు" అని రోడ్డు పక్కన వదిలేసేవాళ్లున్నారు. పది రోజులు పురుగులకు అప్పగించిన పాపం ఎవరి ఖాతాలో రాస్తారో వాళ్లే చెప్పాలి.

కాళ్లు రాకపోయినా తిండి, హుషారు బాగున్న కుక్కకు చక్రాల బండి ఉంది. దానికి విదేశాల నుంచి ఆర్డరు పెట్టనక్కర్లేదు. ఇంత పెద్ద ఇండస్ట్రియల్ ఏరియాలో పీవీసీ పైపులు, ఎల్బోలు, టీలు, చిన్నపిల్లల సైకిల్ చక్రాలు, వెల్డింగ్ షాపులు వీధివీధినా ఉన్నాయి. కుక్క నిలబడితే వెన్ను నేలకు సమంగా ఉండే ఎత్తు చూసుకోవాలి. బరువు పొట్ట మీద కాకుండా తొడల మొదళ్ల దగ్గర ఆనేలా మెత్తటి పట్టీ కుట్టించాలి. ఇరుసు తుంటికి సూటిగా కిందకు రావాలి, లేదంటే భారమంతా ముందుకాళ్ల మీద పడుతుంది. ఈడ్చుకుపోయే పాదాలను పైకి లేపి కట్టాలి. మొదట్లో పూటకు పదిహేను నిమిషాలు చాలు. బండిలో ఉండగా అది పడుకోలేదు. విప్పిన ప్రతిసారీ తొడల లోపల, తోక కింద చర్మం ఒరుసుకుపోయిందేమో వేలితో తడిమి చూడాలి. అక్కడ దానికి నొప్పి తెలియదు కాబట్టి మూలిగి చెప్పదు.