ఫోన్లకూ గడువు తేదీ ముద్రించాలి

పల్లెల్లో ఒక కంపెనీ సరుకు నచ్చితే ఇంటిల్లిపాదీ దానినే కొనడం ఆనవాయితీ. నాడు హెచ్.ఎం.టి. వాచీ, అట్లాస్ సైకిలు ఇటువంటి నమ్మకం మీదనే ఊరూరా తిరిగాయి. నేడు సెల్‌ఫోన్ల విషయమూ అంతే. అయితే ఒక తేడా ఉన్నది. వాచీ చెడితే సంతలోని రిపేరు మనిషి బాగుచేసేవాడు. ఫోను లోపలి సాఫ్ట్‌వేరుకు మాత్రం సామాన్యుడికి కంపెనీయే దిక్కు.

కంపెనీ అప్‌డేట్లు ఆపివేస్తే మోసగాళ్లు చొరబడే కంతలు పూడవు. ఫోను చెక్కుచెదరకున్నా అక్కరకు రాకుండా పోతుంది. 2023 అక్టోబరు 24 తర్వాత ఆండ్రాయిడ్ 5.0 కంటే పాతవాటికి వాట్సాప్ మద్దతు ఆగిపోయింది. బ్యాంకు యాప్‌లదీ అదే దారి.

గూగుల్ 2023లో పిక్సెల్ 8కు, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కు ఏడేసి సంవత్సరాల అప్‌డేట్లు ప్రకటించాయి. ఇవి ఖరీదైన ఫోన్లు. రైతులు, కూలీలు కొనే చౌక రకాలలో అనేకం ఇంత గడువుకు నోచుకోలేదు. నమ్మి మళ్లీ మళ్లీ అదే కంపెనీ ఫోను కొన్నవారే ఎక్కువ నొచ్చుకుంటున్నారు.

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుండి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఒక రకం ఫోను అమ్మకం నిలిచిన తర్వాత కూడా కనీసం 5 సంవత్సరాలు అప్‌డేట్లు అందాలి.

పురుగుమందు డబ్బా మీద గడువు తేదీ ఉంటున్నది. ఫోను పెట్టె మీద కూడా అప్‌డేట్ల ఆఖరు తేదీ ముద్రించేలా కేంద్ర ప్రభుత్వం ఆదేశించాలి. అందాకా కంపెనీ పేరు చూసి కాక, ఆ రకానికి అప్‌డేట్లు ఎన్నేళ్లో అడిగి కొనడం మేలు.