తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మొయినాబాద్‌లో మా సలహా కేంద్రానికి వచ్చిన ఒక స్త్రీ, తన పేరు రాయించే ముందు మమ్మల్ని ఒక మాట అడిగింది. "ఇది ఏడ పెడ్తరు మేడం? ఎవరెవరు చూస్తరు?" ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకు మా దగ్గర ఒకటే జవాబు ఉండేది: బీరువాలో పెట్టి తాళం వేస్తామమ్మా అని. ఆ రోజు కూడా అదే చెప్పాను. చెప్పిన తర్వాత నాకే సిగ్గు వేసింది. ఎందుకంటే ఆ కాగితం సాయంత్రానికల్లా ఫోనులో ఫోటోగా మారుతుంది, వాట్సాప్‌లో హైదరాబాద్ ఆఫీసుకు వెళుతుంది, అక్కడి నుంచి లాయరుకు మెయిల్‌లో వెళుతుంది. బీరువాలో మిగిలేది కాగితం మాత్రమే. కథ ఎప్పుడో బయటికి వెళ్ళిపోయింది.

చేవెళ్ళలో కొన్నేళ్ళ కిందట జరిగింది చెప్పకుండా ఈ వ్యాసం రాయడం నిజాయితీ కాదు. గృహహింస కేసులో ఒకామె ఎక్కడ తలదాచుకుందో కోర్టు వాయిదా కంటే ముందే భర్త తరఫు వాళ్ళకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందని ఆరా తీస్తే, ఆమె ఫిర్యాదును మేమే ఒక నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించాం, ఆ ఫైలు అక్కడి కంప్యూటర్ తెర మీద వారం రోజులు అలాగే ఉండిపోయింది. ఊరు చిన్నది. ఆమెను రాత్రికి రాత్రి వేరే చోటికి మార్చవలసి వచ్చింది. సెంటర్ నడిపే కుర్రవాణ్ణి తిట్టుకున్నాం కానీ తప్పు అతనిది కాదు, మాది. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమంటుంది. పని స్థలాల్లో లైంగిక వేధింపుల చట్టం 16వ సెక్షన్ ఫిర్యాదు వివరాలు వెల్లడించకూడదంటుంది. ఈ సెక్షన్లన్నీ మనం శిక్షణా శిబిరాల్లో పోలీసులకూ విలేకరులకూ పాఠంగా చెబుతాం. మన సొంత కంప్యూటర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుర్తుండవు.

ఈ ప్రాంతంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరిరక్షణ కోసం 1996లో 111 జీవో వచ్చి 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తివేస్తున్నట్లు ప్రకటించింది. ఆ మధ్యకాలమంతా ఫామ్‌హౌసులూ బేరాలూ పెరుగుతూనే ఉన్నాయి. కూతురికి ఆస్తిలో సమాన హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే సవరణ చట్టం వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. కానీ ఎకరం కోట్లు పలికే చోట ఆడబిడ్డ వాటా అడగడమంటే ఇంటిమీద యుద్ధం ప్రకటించడమే. మా దగ్గరికొచ్చే హింస కేసుల్లో సగం పాస్‌బుక్కు దగ్గరే మొదలవుతాయి. అంటే మా ఫైళ్ళలో ఇప్పుడు కన్నీళ్ళే కాదు, సర్వే నంబర్లు కూడా ఉన్నాయి. ఆ ఫైలు ఎవరికైనా డబ్బు.

ఈ నేపథ్యంలోనే మేం మూడు కేంద్రాల మధ్య, అంటే హైదరాబాద్ ఆఫీసు, చేవెళ్ళ, మొయినాబాద్ మధ్య, వీపీఎన్ అనే గుప్త సొరంగం ఒకటి వేసుకున్నాం. ఫైళ్ళన్నీ హైదరాబాద్‌లో ఒకే కంప్యూటర్లో ఉంటాయి. మిగతా రెండు చోట్ల నుంచి కార్యకర్తలు ఆ సొరంగం గుండా వెళ్ళి చూసుకుంటారు, రాస్తారు. ఏ నెట్ సెంటర్లోనూ ఎవరి ఫోనులోనూ నకలు మిగలదు. దారిలో ఎవరి వైఫై వాడినా, దాన్ని నడిపేవాడికి అర్థంకాని అక్షరాల గుట్ట తప్ప మరేమీ కనిపించదు.

కంప్యూటర్లు ఎవరో ఇచ్చిన పాతవి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో కంపెనీ మామూలు మద్దతు ఆగిపోయింది, కొత్త విండోస్ ఈ పాత యంత్రాల మీద ఎక్కదు. అందుకని లైనక్స్ మీదికి మారాం. ఎవరైనా తెరిచి చదవగల, మార్చుకోగల, ఉచితంగా పంచుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ అది. మేం వేసుకున్న రకం పేరు డెబియన్. 1993లో దాన్ని మొదలుపెట్టిన ఇయన్ మర్డాక్ తన స్నేహితురాలు డెబ్రా పేరునూ తన పేరునూ కలిపి ఆ పేరు పెట్టాడు. పేరు సగం స్త్రీదే అయినా ఆ పనిలో స్త్రీలు ఎంత తక్కువగా ఉన్నారో చూసి 2004లో 'డెబియన్ విమెన్' అనే ప్రయత్నం మొదలుపెట్టవలసి వచ్చింది! ఇక్కడ హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు ఇదే కోవలో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. సొరంగానికి వాడినది వైర్‌గార్డ్. సుమారు 4,000 వరుసల చిన్న ప్రోగ్రామ్ అది, 2020 మార్చిలో వచ్చిన లైనక్స్ 5.6 నుంచి ఆ వ్యవస్థ గుండెకాయలోనే భాగమైంది.

మొదటిసారి ఈ పని మేం చేయలేదు. మొయినాబాద్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవలేదు. అక్కడ చదివే ఒక అబ్బాయి, మంచివాడు, మా మీద గౌరవంతోనే వచ్చి, "మేడం, ఇవన్నీ మీకెందుకు, నేను చేసి పెడ్త" అని అరగంటలో అంతా చేసేశాడు. పని చేసింది. అందరం చప్పట్లు కొట్టాం. వారం తర్వాత మా చేవెళ్ళ కార్యకర్త అడిగింది: "అక్కా, తాళంచెవులు ఆ పిల్లగాని లాప్‌టాప్‌లనే తయారైనయి గదా, గవి ఇంక ఆడనే ఉన్నయా?"

నేను నిజంగా ఆ సంగతి ఆలోచించనే లేదు.

వైర్‌గార్డ్‌లో ప్రతి కంప్యూటర్‌కూ రెండు తాళంచెవులుంటాయి. పబ్లిక్ కీ ఎవరికిచ్చినా ఫరవాలేదు, అది ఇంటి నంబరు లాంటిది. ప్రైవేట్ కీ మాత్రం పుట్టిన కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోకూడదు. ఆ అబ్బాయి అన్ని కీలూ తన లాప్‌టాప్‌లోనే పుట్టించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి మా కంప్యూటర్లలో పెట్టాడు. అతనికి చెడు ఉద్దేశం ఏమీ లేదు. కానీ మూడు కేంద్రాల స్త్రీల రహస్యాలన్నిటికీ నకలు తాళంచెవులు మాకు తెలియకుండానే ఒక హాస్టల్ గదిలో ఉన్నాయి. భర్త బ్యాంకు పాస్‌బుక్కు తన దగ్గరే పెట్టుకుని "నీకేం కావాలో చెప్పు, నేను తెస్తా కదా" అనడం హింస కాదా అని మనం సభల్లో అడుగుతాం. అతన్ని ఆ భర్తతో పోల్చడం లేదు. అలవాటు మాత్రం అదే, అతనిది ఎంతో మాదీ అంతే.

అందుకని అన్నీ తీసేసి మళ్ళీ మొదలుపెట్టాం. అతన్నే పిలిచాం, కానీ కీబోర్డు ముట్టవద్దన్నాం. పక్కన కూర్చుని నోటితో చెప్పాడు, పదో తరగతి చదివిన మా కార్యకర్త టైపు చేసింది. ఆప్ట్ ఇన్‌స్టాల్ వైర్‌గార్డ్ అని ఒక వరుస, కీ పుట్టించడానికి ఇంకో వరుస, తర్వాత ఎవరి చిరునామా ఏది, ఎవరి పబ్లిక్ కీ ఏది అని రాసిన పదిపన్నెండు వరుసల చిన్న ఫైలు. ఆ ఫైలు సిస్టమ్ అధికారి తప్ప ఇంకెవరూ చదవకుండా అనుమతి బిగించాలి. అరగంట పని మాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్ని నేను వృథా అనుకోను.

మొదటి రోజు ఎంతకీ కలవలేదు. వైర్‌గార్డ్‌కు ఒక గుణం ఉంది: తాళంచెవి సరిపోకపోతే తప్పని కూడా చెప్పదు, అసలు పలకదు. దొంగ తట్టినప్పుడు ఇంట్లో మనుషులున్నారని తెలియనీయకపోవడం మంచి పద్ధతే. కానీ తట్టేది మనమే అయినప్పుడు ఏడుపొస్తుంది. "గదేం మాట్లాడ్తలేదక్కా" అంటూ ఆమె రాత్రి ఎనిమిది దాకా కూర్చుంది. చివరికి చూస్తే ఆఫీసు పబ్లిక్ కీ ఉండవలసిన చోట తన పబ్లిక్ కీనే అతికించింది. రెండోది ఇంటర్నెట్ కంపెనీ సమస్య. మామూలు కనెక్షన్లలో చాలావాటికి సొంత బయటి చిరునామా ఉండదు, ఎన్నో ఇళ్ళు ఒకే చిరునామా పంచుకుంటాయి. అలాంటప్పుడు బయటి నుంచి మన ఆఫీసు తలుపు తట్టడం కుదరదు. హైదరాబాద్ ఆఫీసుకు స్టాటిక్ ఐపీ అని అదనపు అద్దె కట్టి తీసుకోవలసి వచ్చింది. ఏ ఫండర్ బడ్జెట్‌లోనూ దానికి పద్దు లేదు.

మూడోది చిత్రమైనది. మొయినాబాద్ కంప్యూటర్ ఒక రోజు పనిచేసి మర్నాడు మొరాయించేది. పాత యంత్రం, లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయి కరెంటు పోయినప్పుడల్లా గడియారం వెనక్కి వెళ్ళిపోతోంది. పాత సందేశాన్ని ఎవరో దొంగిలించి మళ్ళీ పంపకుండా వైర్‌గార్డ్ సమయం చూస్తుంది, నిన్నటి కంటే వెనకటి సమయంతో వచ్చినవాళ్ళను రానివ్వదు. సమయం ఇంటర్నెట్ నుంచి దానంతట అదే సరిచేసుకోవాలి కదా అంటే, మేం ఇంటర్నెట్ మొత్తం సొరంగంలోంచే పోవాలని రాసిపెట్టాం. సొరంగం తెరుచుకోనిదే సమయం రాదు, సమయం సరికానిదే సొరంగం తెరుచుకోదు. బిళ్ళ బ్యాటరీ మార్చి, ఆఫీసు ఫైళ్ళ వరకే సొరంగం వాడేట్టు ఆ ఒక్క వరుస తిరగరాస్తే సరిపోయింది. ఇది కనిపెట్టింది ఇంజినీరింగ్ అబ్బాయి కాదు, రోజూ ఆ కంప్యూటర్ ముందు కూర్చునే మా మొయినాబాద్ కార్యకర్త. తెర మూల తేదీ తప్పుగా ఉందని గమనించింది ఆమే.

ఇంత శ్రమ ఎందుకు, ఫోనులో ఉచిత వీపీఎన్ యాప్ వేసుకుంటే పోదా అని సాటి సంస్థల మిత్రులు అడిగారు. పోదు. ఆ యాప్ మన ఉత్తరాన్ని ఊళ్ళో పోస్టుమాన్ నుంచి దాచి, మనకు ముఖం తెలియని ఇంకో పోస్టుమాన్ చేతిలో పెడుతుంది. ఉచితంగా అంత మోత మోసేవాడు ఎక్కడో కూలి వసూలు చేసుకుంటాడు. పైగా సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో వీపీఎన్ సేవలు అమ్మేవాళ్ళు వాడుకదారుల పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు 5 ఏళ్ళు భద్రపరచాలి. అది నచ్చక కొన్ని పెద్ద కంపెనీలు ఆ ఏడాదే ఇక్కడి సర్వర్లు తీసేశాయి. సంస్థలు తమ సొంత ఉద్యోగుల కోసం నడుపుకునే వీపీఎన్‌లకు ఆ నిబంధన వర్తించదని సెర్ట్-ఇన్ తర్వాత వివరణ ఇచ్చింది. మాది అటువంటిదే. మేం ఎవరి నుంచీ పారిపోవడం లేదు, మా గదికి తలుపు పెట్టుకుంటున్నాం.

"మనమేం తప్పు చేస్తున్నామని దాచుకోవాలి?" ఈ మాట మా కార్యవర్గ సమావేశంలోనే వచ్చింది. పైగా ఇంటి గుట్టు పేరుతోనే కదా స్త్రీలను కొట్టారు, గుట్టు బద్దలుకొట్టడమే మన ఉద్యమం అన్నారు ఒక సీనియర్ మిత్రురాలు. ఆమె అన్నదానిలో నిజముంది. కానీ మన హైకోర్టే 1983లో సరిత కేసులో ఇంకో మాట చెప్పింది. కాపురానికి రమ్మని భార్యను కోర్టు ద్వారా బలవంతపెట్టే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ స్త్రీ వ్యక్తిగత గోప్యతకు, గౌరవానికి భంగమని జస్టిస్ పి.ఎ. చౌదరి దాన్ని కొట్టేశారు. 1984లో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేదు, సెక్షన్ నిలిచిపోయింది. 2017లో పుట్టస్వామి తీర్పులో గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. 2019లో కేరళలో ఫహీమా షిరీన్ అనే విద్యార్థిని, లేడీస్ హాస్టల్లో ఫోను మీద ఆంక్షలను ఎదిరించి హైకోర్టులో గెలిచింది. ఇంటి గుట్టు ఇంటి పెద్దది. ఈ గోప్యత స్త్రీది. తన కథ ఎవరికి ఎప్పుడు చెప్పాలో ఆమె తేల్చుకోవాలి. మా నిర్లక్ష్యం ఆమె తరఫున తేల్చకూడదు.

ఇక ఈ సొరంగం చేయలేనివి కూడా చెప్పాలి, లేకపోతే మేం కూడా తాయెత్తులు అమ్మేవాళ్ళమవుతాం. 2019లో పెగసస్ నిఘాకు గురయ్యారని వాట్సాప్ హెచ్చరించినవారిలో బేలా భాటియా, షాలినీ గేరా వంటి స్త్రీలున్నారు. ఆ నిఘా ఫోనులోకే చొరబడింది, దానికి ఏ సొరంగమూ అడ్డు కాదు. 2024 మార్చిలో మన రాష్ట్రంలో బయటపడిన ఫోన్ ట్యాపింగ్ కేసు సంగతీ అంతే, మామూలు ఫోను మాటలు ఈ దారిన పోవు. కంప్యూటరే దొంగిలిస్తే కీ కూడా పోతుంది కాబట్టి డెబియన్ వేసేటప్పుడే డిస్కు మొత్తానికీ తాళం పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, మా దగ్గరికి వచ్చే స్త్రీల ఫోనుల్లో మేం వీపీఎన్ వేయం. రోజూ భార్య ఫోను తనిఖీ చేసే భర్తకు తెర పైన కొత్తగా తాళంచెవి బొమ్మ కనిపిస్తే ఆ రాత్రి ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంకా కోపం తెప్పించేది ఫండర్ల సంగతి. ఇంత కష్టపడి తలుపు పెట్టుకుంటే, మూడు నెలలకోసారి "లబ్ధిదారుల" పేర్లు, ఊళ్ళు, ఆధార్ నంబర్లతో ఒక ఎక్సెల్ షీటు మెయిల్ చేయమంటారు. ఈసారి మేం సంఖ్యలు మాత్రమే పంపాం. పేర్లు కావాలంటే మా ఆఫీసుకొచ్చి బీరువా ముందు కూర్చుని చూసుకోమని రాశాం. జవాబు ఇంకా రాలేదు.

మొన్న మా మొయినాబాద్ కార్యకర్త వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఆమె పబ్లిక్ కీ ఉన్న నాలుగు వరుసలు ఆఫీసు కంప్యూటర్లోంచి తీసేశాం, అంతటితో ఆమె పాత తాళంచెవి పనికిరాకుండా పోయింది. ఎవరి కీ ఏ తేదీన ఇచ్చాం, ఏ తేదీన తీసేశాం అని ఒక రిజిస్టర్ పెట్టాం. అది చేత్తో రాసిన నోటుపుస్తకం, బీరువాలోనే ఉంటుంది. చివరి పేజీలో, వెళ్ళేముందు ఆమె కొత్తగా వచ్చే అమ్మాయి కోసం తెలుగులో రాసిపెట్టిన సూచనలున్నాయి. మొదటి వరుస: "ముందుగాల గడియారం చూడు."