గోడ అవతల ఎనభై ఏళ్లుగా

మా దుత్తలూరు మీదుగా విమానం పోతే బడిలోంచి బయటికి ఉరికేవాళ్లం. ఇప్పుడు బెంగళూరులో రోజూ హెచ్‌ఏఎల్ గోడ పక్కనే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటున్నా. వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సర్కారుతో కలిసి 1940లో పెట్టిన ఫ్యాక్టరీ అది. 1941లో హార్లో ట్రైనర్, 1951లో మనోళ్లే డిజైన్ చేసిన హెచ్‌టీ-2, 2001లో తేజస్... అన్నీ అక్కడినుంచే ఎగిరాయి.

మరి ప్రపంచంలో ఇంతకన్నా పాతది? వెతికితే ఇంగ్లండ్‌లోని ఫిల్టన్ తగిలింది. 1910లో ట్రామ్ షెడ్లలో మొదలైంది. 2012లో రన్‌వే మూతపడ్డా, విమానం రెక్కల పని నేటికీ నడుస్తోంది.

నేను రాసిన మొదటి యాప్‌ని రెండేళ్లకే మూసేశారు. ఆ రోజు అన్నం సయించలేదు. నాయన ఫోన్ చేసి, "చేసింది పోతే పోయిందిలేరా, చేయడం వచ్చు గదా" అన్నాడు.

నిజమే. హెచ్‌టీ-2లు ఎప్పుడో రిటైరయ్యాయి. గోడ అవతల పని మాత్రం ఆగలేదు.